రక్తం పలచబరిచే మందుకు నానో తాళం: తెరుచుకోవడం సరే, మూసుకుంటుందా?

మా పెద్దమ్మ దగ్గర ఒక పాత నోటుపుస్తకం ఉంది. స్కేలు పెట్టి నిలువు గీతలు గీసి మూడు వరుసలు చేసుకుంది: తేదీ, ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే అంకె), మాత్ర. గుండెలో మైట్రల్ వాల్వు తీసి లోహపు వాల్వు పెట్టారు కాబట్టి ఆమె ఐఎన్‌ఆర్ 2.5కూ 3.5కూ మధ్య ఉండాలి. చాలా పేజీల్లో 2.8, 3.1, 2.6 అని బుద్ధిగానే ఉంటుంది. ఒక్క పేజీలో మాత్రం 6.4 అని రాసి దాని చుట్టూ రెండుసార్లు సున్నా చుట్టింది. ఆ వారం పంటినొప్పికి మందుల దుకాణంలో అడిగి మెట్రోనిడజోల్ తెచ్చుకుని వేసుకుంది. ఆమె రోజూ వేసుకునే రక్తం పలచబరిచే మందు వార్ఫరిన్ ఒంట్లో విరిగిపోవడాన్ని ఆ మాత్ర అడ్డుకుంటుంది. నాలుగో రోజు పళ్లు తోముకుంటే ఉమ్మంతా ఎరుపు, మోచేతి మీద నేరేడుపండు రంగు మచ్చ. ఆమె వార్ఫరిన్ మోతాదు ఒక్క మిల్లీగ్రాము కూడా పెరగలేదు.

నేను ఫార్మసీ కళాశాలలో పాఠాలు చెబుతాను. ఎం.ఫార్మసీ చదువుతున్న మా చెల్లెలి కొడుకు మొన్న ఫోను చేసి రెండు ప్రశ్నలు ఒక్క ఊపిరిలో అడిగాడు. "మామయ్యా, రక్తాన్ని చూసి తనంతట తానే మందు వదిలే పట్టీ వచ్చిందట. పెద్దమ్మమ్మకు అది వేయించకూడదా? నా ప్రాజెక్టుకు కూడా అలాంటి నానో పదార్థమే తీసుకుందామనుకుంటున్నాను. చాలా రకాలున్నాయి, ఏది తీసుకోమంటారు?" మొదటి ప్రశ్న రోగులున్న ఇళ్లలో, రెండోది మా కళాశాలలో తరచూ వినిపించేవే. వాడికి చెప్పిందే కాస్త సర్ది ఇక్కడ రాస్తున్నాను.

ఇవాళ చేతికి అందేవి

రక్తం పలచబరిచే మందు అంటాం గానీ, పులుసులో నీళ్లు పోసినట్టు రక్తమేమీ పలచబడదు. గడ్డకట్టడమంటే ఒకదాన్నొకటి లేపుకుంటూ పోయే ప్రొటీన్ల వరుస. అందులో ఏదో ఒక మెట్టును మందు నెమ్మది చేస్తుంది. చాలకపోతే వాల్వు మీద గడ్డ పేరుకుని మెదడుకు పోతుంది. ఎక్కువైతే మెదడులోనే రక్తం కారుతుంది. ఈ రెంటి మధ్య సందు ఇరుకు.

ఆ సందులో ఎక్కువ కాలంగా నడుస్తున్నవి రెండు మందులు. హెపారిన్‌ను 1916లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో వైద్య విద్యార్థి జే మెక్లీన్ కుక్క కాలేయం నుంచి తీసిన పదార్థంలో గమనించాడు. ఇప్పుడు పంది పేగు పొర నుంచి తీస్తున్నారు. సూదితో ఇవ్వాలి, గంట, గంటన్నరలో సగం తగ్గిపోతుంది, అవసరమైతే ప్రొటమిన్ ఇచ్చి విరిచేయవచ్చు. వార్ఫరిన్ కథ బూజు పట్టిన తీపి క్లోవర్ గడ్డి తిని పశువులు రక్తం కారి చచ్చిపోవడంతో మొదలైంది. అమెరికాలోని విస్కాన్సిన్‌లో కార్ల్ లింక్ బృందం చేతిలో అది 1948లో ఎలుకల మందు అయింది, 1954లో మనుషుల మందు అయింది. మన ఊళ్లలో దాని తమ్ముడు అసెనోకుమరాల్ కూడా బాగా వాడుకలో ఉంది. 2010కి కాస్త అటూ ఇటూగా డాబిగాట్రాన్, రివరాక్సబాన్, అపిక్సబాన్ వచ్చాయి. వీటికి ఐఎన్‌ఆర్ చూడనక్కర్లేదు, వార్ఫరిన్‌కు లాగా ఆకుకూరలు ఎంత తిన్నామన్న లెక్క లేదు.

మరి అందరికీ కొత్తవే ఇవ్వకూడదా అంటే, కూడదు. లోహపు వాల్వు ఉన్నవాళ్లకు డాబిగాట్రాన్ ఇచ్చి చూసిన రీ-అలైన్ పరీక్షను మధ్యలోనే ఆపేశారు. గడ్డలూ ఎక్కువయ్యాయి, రక్తస్రావమూ ఎక్కువైంది. ఆ ఫలితాలు 2013లో వచ్చాయి. చిన్నప్పటి కీళ్లవాత జ్వరం వల్ల వాల్వు దెబ్బతిని, గుండె లయ తప్పినవాళ్ల మీద 4,500 మందికి పైగా రోగులతో జరిగిన ఇన్విక్టస్ పరీక్షలో, 2022లో, రివరాక్సబాన్ కంటే వార్ఫరిన్ జాతి మందులే ఎక్కువ ప్రాణాలు నిలిపాయి. కీళ్లవాత గుండెజబ్బు ఇంకా పోని మన దేశంలో ఈ రెండో ఫలితాన్ని మందుల దుకాణం గోడకు అంటించాలి. "కొత్త మాత్ర బాగుందట, మార్చుకుందాం" అని పక్కింటివాళ్లను చూసి అడిగే ముందు వాల్వు సంగతి చూడాలి.

వాల్వు గొడవ లేకుండా గుండె లయ తప్పినా, కాలి సిరలో గడ్డ కట్టినా నన్నడిగితే అపిక్సబాన్ వైపే మొగ్గుతాను. 18,000 మందికి పైగా పాల్గొన్న అరిస్టాటిల్ పరీక్షలో, 2011లో, అది వార్ఫరిన్ కంటే పక్షవాతాన్నీ రక్తస్రావాన్నీ రెంటినీ తగ్గించింది. గర్భిణులకు చిన్న అణువుల హెపారిన్ సూదులు. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవాళ్లకు ఈ సూదులూ డాబిగాట్రాన్ కూడా ఒంట్లో పేరుకుంటాయి కాబట్టి లెక్క వేరు. పేరు ఏదైనా మార్చేది వైద్యుడే.

వాడి మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడే అయిపోయింది. పెద్దమ్మ వేసుకుంటున్న వార్ఫరిన్‌కు బదులుగా దుకాణంలో కొనగలిగిన నానో మందు ఏదీ లేదు. వాడు విన్న పట్టీ 2017 నాటి ఎలుకల ప్రయోగం. దాని సంగతికి మళ్లీ వస్తాను.

ఏ గీటురాయి మీద గీయాలి

స్పందించే నానో పదార్థం అంటే తాళం వేసిన పెట్టె అనుకోండి. లోపల మందు ఉంటుంది. బయట ఏదో ఒక సంకేతం తగలగానే తెరుచుకుంటుంది: ఒక ఎంజైమ్, ఆమ్లత్వం, రక్త ప్రవాహపు ఒరిపిడి, వెలుగు. వ్యాసాలన్నీ ఎలా తెరుచుకుంటుందో చిత్రాలతో చూపిస్తాయి. నేను మా పిల్లలను ముందు అడిగేది ఎలా మూసుకుంటుందని. ఆ తర్వాత ఇంకొకటి: వంటింట్లో కత్తిపీట తెగిన వేలుకూ, ఊపిరితిత్తిలో అడ్డుపడిన గడ్డకూ తేడా ఆ పెట్టెకు తెలుస్తుందా? క్యాన్సర్ మందుల పెట్టెలకు ఈ ప్రశ్న లేదు. గడ్డకట్టడం అలా కాదు, అది మనల్ని చంపేదీ, కాపాడేదీ కూడా.

థ్రాంబిన్ తాళం

అన్నిటిలో ఆలోచన చక్కగా ఉన్నది ఇదే కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను.

గడ్డకట్టే వరుసలో చివరి పెద్ద కత్తెర థ్రాంబిన్. ఫైబ్రినోజెన్‌ను కత్తిరించి వలలా అల్లుకునే ఫైబ్రిన్‌గా మారుస్తుంది. ఎక్కడపడితే అక్కడ కత్తిరించదు, అమైనో ఆమ్లాల వరుసను చూసి, అర్జినిన్ తర్వాత కోస్తుంది. ఆ వరుస ఉన్న చిన్న పెప్టైడ్‌ను తయారుచేసి హెపారిన్‌కు కట్టుతాడుగా వాడితే, థ్రాంబిన్ పుట్టిన చోటే తాడు తెగి హెపారిన్ బయటపడుతుంది. బయటపడిన హెపారిన్ థ్రాంబిన్‌ను అణుస్తుంది. థ్రాంబిన్ తగ్గగానే తాళ్లు తెగడమూ ఆగుతుంది. దొంగే వచ్చి పోలీసు సంకెళ్లు విప్పినట్టు. మూసుకునే ఏర్పాటు తాళంలోనే ఉండటం దీని గొప్ప.

ఈ ఒక్క ఆలోచనను మూడు చోట్ల మూడు రూపాల్లో చేశారు. ఎంపిక నిజంగా వీటి మధ్యనే.

ఒకటి, రక్తంలో తిరిగే కణాలు. అమెరికాలోని ఎంఐటీలో సంగీతా భాటియా బృందం 2014లో దీన్ని ప్రచురించింది. హెపారిన్ ఋణావేశం గలది. దానికి ధనావేశమున్న, థ్రాంబిన్ కోయగల పెప్టైడ్‌ను కలిపితే రెండూ ముద్దకట్టి నానో కణాలవుతాయి. వాటికి పాలీఇథిలీన్ గ్లైకాల్ పూత వేశారు. ఎలుకల ఊపిరితిత్తుల్లో గడ్డలు తగ్గాయి, తోక కోసి చూస్తే రక్తస్రావం పెరగలేదు.

ఇది ఎంత సులువో, ఎంత గడుసో ప్రయోగశాలలో ఒక్కసారి చూస్తే తెలుస్తుంది. నీళ్లలాంటి హెపారిన్ ద్రావణంలోకి నీళ్లలాంటి ప్రొటమిన్ ద్రావణాన్ని చుక్క చుక్కగా వేయండి. మొదట ఏమీ ఉండదు. తర్వాత నీలి ఛాయతో పలచటి పొగలా కమ్ముతుంది, అదే మనకు కావలసిన నానో దశ. ఇంకో రెండు చుక్కలు ఎక్కువైతే విరిగిన పాలలా తెల్లటి తరకలు అడుగుకు దిగిపోతాయి. ఆవేశాల తూకం మీద నిలబడ్డ బంధం ఇది. రక్తంలో ఋణావేశమున్న ప్రొటీన్లు బోలెడు. అవి హెపారిన్ స్థానంలో దూరి, థ్రాంబిన్ రాకుండానే దాన్ని బయటికి నెట్టవచ్చు. ఇంకో అనుమానం నాకు ఎప్పుడూ ఉంది. హెపారిన్ తీసుకున్న కొందరిలో ప్లేట్‌లెట్లు ఒక్కసారిగా పడిపోయి గడ్డలు కట్టే ప్రమాదకరమైన ప్రతిచర్య వస్తుంది. ప్లేట్‌లెట్ల నుంచి వచ్చే ధనావేశపు ప్రొటీను హెపారిన్‌తో ముద్దకట్టడం, ఆ ముద్దను శరీరం శత్రువనుకోవడం దానికి మూలం. మనం కావాలని చేస్తున్నదీ అలాంటి ముద్దే కదా! పూత ఉందనుకోండి, అయినా ఈ ప్రశ్నకు ఎలుక జవాబు చాలదు. పైగా ఒకసారి రక్తంలోకి వెళ్లిన కణాన్ని వెనక్కు తీయలేం. కొంత కాలేయంలో చేరి కూర్చుంటుంది.

రెండోది మావాడు విన్న పట్టీ. నార్త్ కరోలినాలో జెన్ గు బృందం 2017లో చేసింది. హయలురానిక్ ఆమ్లంతో చేసిన సన్నటి సూదుల పట్టీ, సూదుల్లో హెపారిన్, మధ్యలో అదే థ్రాంబిన్ తాడు. చర్మానికి అతికిస్తే ఎలుకలను ఊపిరితిత్తుల గడ్డ నుంచి కాపాడింది. మూసుకోవడం అనే ప్రశ్నకు దీని జవాబు అన్నిటికంటే ముచ్చటైనది: పీకేయవచ్చు. పంటి డాక్టరు దగ్గరకు వెళ్లే రోజు తీసేసి వెళ్లవచ్చు అనుకుంటేనే హాయిగా ఉంటుంది.

కానీ లెక్క వేయండి. మనిషికి పూర్తి మోతాదు హెపారిన్ రోజుకు 24,000 యూనిట్ల దాకా అవుతుంది. మిల్లీగ్రాముకు సుమారు 180 యూనిట్లు. అంటే 130 మిల్లీగ్రాములు దాటుతుంది. అంగుళం పట్టీ మీది వెంట్రుకవాసి సూదుల్లో పట్టేది కొన్ని మిల్లీగ్రాములే. అవసరమైనప్పుడే వదులుతుంది కాబట్టి అంత అక్కర్లేదు అని వాదించవచ్చు, నిజమే. అయినా పాతిక గ్రాముల ఎలుక నుంచి అరవై కిలోల మనిషికి వచ్చేసరికి పట్టీ దుప్పటి కాకుండా చూసుకోవాలి. గడ్డ ఊపిరితిత్తిలో పుడుతుంటే చర్మం కిందున్న సూదికి ఆ కబురు ఎంత వేగంగా, ఎంత బలంగా అందుతుందన్నది కూడా నన్ను వేధించే ప్రశ్నే.

మూడోది పెద్దగా ప్రచారం లేనిది. నాకు నచ్చింది ఇదే. జర్మనీలోని డ్రెస్డెన్‌లో కార్స్టెన్ వెర్నర్ బృందం 2013లో హెపారిన్‌నూ నక్షత్రం ఆకారపు పాలీఇథిలీన్ గ్లైకాల్‌నూ థ్రాంబిన్ తెంచే పెప్టైడ్‌తో ముడివేసి జిగురులాంటి జెల్ చేసింది. గొట్టం లాంటి, రక్తం తాకే ఉపరితలం మీద ఆ జెల్ ఉంటే, అక్కడ గడ్డ మొదలైనప్పుడే, మొదలైనంత మేరకే హెపారిన్ వదులుతుంది. రక్తంలో తిరగదు, కాలేయంలో చేరదు. ఆవేశాల మీద కాకుండా గట్టి రసాయన బంధం మీద నిలబడింది కాబట్టి ఊరికే కారిపోదు. గొట్టం తీసేస్తే మందూ పోతుంది.

మిగతా తాళాలు, త్వరగా

ఆమ్లత్వానికి తెరుచుకునేవి చవక, చేయడం సులువు, కాబట్టి ప్రాజెక్టుల్లో ఇవే ఎక్కువ. నేను వద్దంటాను. రక్తం తన పీహెచ్‌ను 7.35, 7.45 మధ్య పట్టుకుని వదలదు. జీవకణం లోపలి సంచుల్లోనో, క్యాన్సర్ గడ్డలోనో పనికొచ్చే తాళాన్ని తెచ్చి పారే రక్తంలో పెడితే తాళంచెవి దొరకదు. బీకరులో పీహెచ్ 5 పోసి "తెరుచుకుంది" అని చూపించడం పరీక్షలో మార్కులకు పనికొస్తుంది. వెలుగుకు తెరుచుకునేవి చర్మం కింద కొద్ది లోతు దాకా సరే, గుండె దాకా వెలుగు పోదు. వాపు ఉన్న చోట పెరిగే హైడ్రోజన్ పెరాక్సైడ్‌కు స్పందించేవి కొంత ఆశ పుట్టించేవే. అయితే మధుమేహం ఉన్నవాళ్లలో ఆ సంకేతం ఒళ్లంతా కాస్త ఎక్కువగానే ఉంటుంది.

ప్రవాహపు ఒరిపిడికి విడిపోయేవి వినడానికి అద్భుతం. హార్వర్డ్‌లోని వీస్ సంస్థలో డోనాల్డ్ ఇంగ్బర్ బృందం 2012లో చేసింది. ప్లేట్‌లెట్ అంత ముద్ద. ఆరోగ్యంగా ఉన్న ధమనిలో, చదరపు సెంటీమీటరుకు 70 డైన్ల లోపు ఒరిపిడిలో చెక్కుచెదరదు. బాగా మూసుకుపోయి ఒరిపిడి 1000 దాటిన చోట చితికి నానో కణాలుగా విడిపోయి గడ్డకు అంటుకుంటుంది. గమనించాల్సింది, అందులో ఉన్నది గడ్డకట్టకుండా ఆపే మందు కాదు, కట్టిన గడ్డను కరిగించే మందు. ఈ రెంటినీ కలిపేసి రాసిన ప్రాజెక్టు పత్రాలు నా బల్ల మీదకు ఏటా వస్తాయి. ఇంకోటి, కాలి సిరలోనూ లయ తప్పిన గుండె మూలల్లోనూ గడ్డ కట్టేది రక్తం నిలిచిపోయినప్పుడు. అక్కడ ఒరిపిడి అసలే ఉండదు. లోహపు వాల్వు అతుకుల దగ్గరేమో గడ్డ లేకపోయినా ఒరిపిడి ఎక్కువ. మా పెద్దమ్మకు ఇది రెండు విధాలా పనికిరాదు.

వేలు తెగితే ఏం జరుగుతుంది

థ్రాంబిన్ తాళానికి ఒక లోపం ఉందని మీకు ఈపాటికే తట్టి ఉంటుంది. తెగిన వేలు దగ్గర కూడా థ్రాంబిన్ పుడుతుంది. పెట్టె అక్కడా తెరుచుకుంటుంది. మోతాదు తక్కువగా ఉంచి ఎలుక తోకలో తప్పించుకోవచ్చు, పెద్ద శస్త్రచికిత్సలో ఏమవుతుందో వేరే సంగతి.

ఈ చిక్కును పక్కనుంచి దాటినవి రెండున్నాయి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో జయచంద్రన్ కిళక్కేడత్తు బృందం, మిషిగన్ పరిశోధకులతో కలిసి, ప్లేట్‌లెట్లు వదిలే పాలీఫాస్ఫేట్‌ను గురిపెట్టింది. గడ్డ పెరగడంలో దానికి పాత్ర ఉంది, గాయం మూసుకోవడానికి అది అంత అవసరం లేదు. ధనావేశపు పాలిమర్లు దాన్ని పట్టుకోగలవు గానీ ఎదురైన ప్రతి జీవకణానికీ అతుక్కుని విషమవుతాయి. వీళ్లు చేసినదానికి రక్తంలో ఆవేశం తక్కువ. పాలీఫాస్ఫేట్ దగ్గరకు వెళ్లాకే ఆవేశం పుంజుకుని గట్టిగా పట్టుకుంటుంది. 2023లో వచ్చిన ఎలుకల ఫలితాల్లో రక్తస్రావం పెరగలేదు. గాయానికీ గడ్డకూ తేడా తెలిసిన పదార్థం కోసం వెతికేవాళ్లు ముందు చదవాల్సింది దీన్ని.

కాస్త చన్నీళ్లు కూడా చల్లాలి. రక్తస్రావం తక్కువ అన్నంత మాత్రాన సరిపోదు. ఇదే తర్కంతో, గడ్డకట్టే వరుసలోని పదకొండో కారకం అనే ప్రొటీన్‌ను ఆపే అసుండెక్సియన్ మాత్రను గుండె లయ తప్పినవాళ్లలో అపిక్సబాన్‌తో పోల్చి చూస్తున్న పెద్ద పరీక్షను 2023 నవంబరులో ఆపేశారు. అపిక్సబాన్ ఆపినంతగా ఈ మాత్ర పక్షవాతాన్ని ఆపలేకపోయింది.

తెగిన వేలు చిక్కును దాటినవాటిలో రెండోది జెనీవాలో నికోలస్ విన్సింగర్, సిడ్నీలో రిచర్డ్ పేన్ బృందాలు కలిసి 2024లో ప్రచురించింది. థ్రాంబిన్‌ను రెండు వైపుల నుంచి పట్టుకునే రెండు ముక్కలను డీఎన్‌ఏను పోలిన పోగులతో జత చేశారు. ఆపాలనుకుంటే ఇంకో పోగును పంపుతారు. అది ఒక ముక్కను లాగేసుకోగానే పట్టు సడలిపోతుంది. తనంతట తాను స్పందించదు, మనం చెబితే ఆగుతుంది. ఆపరేషన్ గదికి ఇలాంటిదే కావాలి, రోజువారీ మాత్రకు బదులు ఇది రాదు.

మావాడికి చెప్పింది

రక్తంలో తిరిగే కణాలు వద్దు, రెండేళ్లలో నువ్వు దాని భద్రత తేల్చలేవు. పట్టీ చేయాలంటే అచ్చులు కావాలి, చర్మం మీద పరీక్షలు కావాలి. డ్రెస్డెన్ దారి పట్టు: డయాలిసిస్ గొట్టానికి థ్రాంబిన్‌కు స్పందించే హెపారిన్ జెల్ పూత. శ్రీకాకుళం ఉద్దానంలో డయాలిసిస్ మీద ఉన్నవాళ్లు ఎందరో. డయాలిసిస్ చేసేటప్పుడు హెపారిన్ ఇస్తారు, మెడలో గొట్టం ఉంటే వాడని సమయంలో అందులో హెపారిన్ నింపి మూత పెడతారు. అందులో కొంత ఒంట్లోకి జారుతుంది. ఆ జారేదాన్ని తగ్గించగలిగితే అదే మేలు.

హెపారిన్ ఎక్కడిదో రాసిపెట్టుకోమన్నాను. హైదరాబాద్‌లో గ్లాండ్ ఫార్మా ఉంది కాబట్టి హెపారిన్ మనకు పరాయిది కాదు. కానీ 2008లో చైనా నుంచి వచ్చిన ముడి హెపారిన్‌లో అతిగా సల్ఫేటు చేసిన కాండ్రాయిటిన్ కలిసి అమెరికాలో ప్రాణాలు పోయాయి. మామూలు పరీక్షల్లో అది హెపారిన్‌లాగే కనిపించింది. బ్యాచి మారితే నీ జెల్ కూడా మారవచ్చు.

పెప్టైడ్ బయట తయారు చేయించుకోవాలి, ఖర్చవుతుంది. డబ్బుంటే రెండు చేయించు: ఒకటి అసలుది, ఇంకొకటి అదే వరుసలో అర్జినిన్‌ను అద్దంలో ప్రతిబింబంలా తిరగేసిన రూపంతో, థ్రాంబిన్ కోయలేనిది. రెండో జెల్ నుంచి కూడా హెపారిన్ వస్తుంటే నీ తాళం తాళం కాదు, చిల్లు. ఇంకో పరీక్ష గొట్టంలో థ్రాంబిన్‌తోపాటు దాన్ని ఆపే అర్గాట్రోబాన్ వేయి. మూడో పరీక్ష గొట్టంలో థ్రాంబిన్‌కు బదులు ప్లాస్మిన్ వేసి చూడు. అది గడ్డను కరిగించే ఎంజైమ్, అదీ అర్జినిన్ దగ్గర కోసే రకమే. చాలామంది ఈ మూడోది చేయరు, ఎందుకంటే ఫలితం నచ్చదు.

"అది కూడా తెరుచుకుంటే ఏం చేయమంటారు?" అని అడిగాడు. ముందు ఆ గొట్టం పెట్టి, ఏపీటీటీ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూపే పరీక్ష) ఎన్ని సెకన్లు వచ్చిందో చూసి అప్పుడు ఫోను చేయమన్నాను.